వాల్వు మూసుకునే వేళ: పాత ఇంజన్‌కి కంప్రెషన్, క్యామ్‌షాఫ్ట్ ఎంచుకోవడం

(విశాఖపట్నంలో పాతకార్ల యజమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం.

ఇక్కడున్నవాళ్ళలో చాలామంది ఇంట్లో అంబాసిడరో, పద్మినీయో, స్టాండర్డ్ హెరాల్డో ఉంది. కొందరిది ఇప్పటికే ఇంజన్ దింపేసి షెడ్డులో విప్పి ఉందని తెలుసు. బ్లాకు లేత్ షాపుకి పంపే ముందు ఒక్కసారి ఆగమని చెప్పడానికే వచ్చానండి.

మనవాళ్ళు పని ఎలా చేయిస్తారో మీకు తెలుసు. సిలిండర్ పెద్దది చేసే బోరు ఒకచోట, హెడ్ అడుగు చదును చేసే ఫేసింగు ఇంకోచోట, వాల్వులు తెరిచి మూసే క్యామ్‌షాఫ్ట్ రీగ్రైండింగు మరోచోట. పిస్టన్లు ఎవరో ఫోన్లో చెబితే పార్సిల్లో వస్తాయి. బోరు చేసేవాడు క్యామ్ ఏది వేస్తున్నారని అడగడు. క్యామ్ రుద్దేవాడు కంప్రెషన్ ఎంతని అడగడు. అందరూ తమ పని శ్రద్ధగానే చేస్తారు. తీరా బండి బిగించాక ఘాట్ ఎక్కుతుంటే కణకణమని నాకింగు మొదలవుతుంది, లేదంటే ఖర్చంతా పెట్టినా ఇంజన్‌లో ఊపే ఉండదు. కారణం ఎవరి పనిలోనూ దొరకదు. ఆ పనులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోవడమే కారణం.

పైగా ఈ ఇంజన్లు ఇక రావు. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. హెడ్ మీద తీసేసిన ఇనుము మళ్ళీ అతకదు. నలభై థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) బోరు చేసిన బ్లాకు మళ్ళీ ఇరవై థౌకి రాదు. అందుకే మిషన్ మీద పెట్టే ముందు కాగితం మీద లెక్క వేసుకోండని ఇంత పట్టుగా అడుగుతున్నాను.

అంబాసిడర్ ఇంజన్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. మనకు తెలిసిన 1489 సీసీ పెట్రోలు ఇంజన్ బ్రిటన్‌లోని బీఎంసీ వాళ్ళ బీ సిరీస్ కుటుంబానిది. బోరు, అంటే సిలిండర్ వెడల్పు, 73 మిల్లీమీటర్లు. స్ట్రోకు, అంటే పిస్టన్ ప్రయాణం, 88.9. ఒక్కో సిలిండర్ 372 సీసీ. బీఎంసీ ఈ ఇంజన్‌ని 7.2 కంప్రెషన్‌తోనూ, 8.3తోనూ కూడా అమ్మింది. ఆక్టేన్, అంటే నాకింగుని తట్టుకునే శక్తి, తక్కువున్న పెట్రోలు దొరికే దేశాలకు తక్కువ కంప్రెషన్. మన బండి ఆ కోవలోదే. ఇదే 1489 సీసీ ఎంజీఏ స్పోర్ట్స్ కారులో 8.3 కంప్రెషన్‌తో, రెండు ఎస్‌యూ కార్బురేటర్లతో, వేరే క్యామ్‌తో 70 హార్స్‌పవర్ చుట్టుపక్కల ఇచ్చింది. మన అంబాసిడర్‌ది 50. ఈ తేడా చూసే చాలామందికి ఆశ పుడుతుంది. ఆశపడటంలో తప్పులేదు. అయితే ఆ తేడా ఎక్కడెక్కడి నుంచి వచ్చిందో విడదీసి చూడాలి.

కంప్రెషన్ అంటే పిస్టన్ అడుగున ఉన్నప్పటి మొత్తం జాగాని, పిస్టన్ పైకి చేరాక మిగిలిన జాగాతో భాగించడం. 7.2కి ఆ మిగిలిన జాగా 60 సీసీ. 8.3కి 51 సీసీ. అంటే రెంటికీ మధ్య తేడా 9 సీసీ మాత్రమే. ఈ జాగాలో హెడ్‌లోని గది ఒక్కటే కాదు, హెడ్ గ్యాస్కెట్ మందం, పిస్టన్ తల మీద గుంట, పైకి వచ్చాక పిస్టన్ బ్లాకు అంచుకి ఎంత కిందుగా ఆగిందో ఆ ఖాళీ, ఇవన్నీ కలుస్తాయి. గ్యాస్కెట్ 0.8 మిల్లీమీటర్లు నలిగి కూర్చుంటే అదొక్కటే 3.4 సీసీ. పాత రకం గ్యాస్కెట్ తీసి పల్చనిది వేశారంటే తెలియకుండానే కంప్రెషన్ పెంచేశారన్నమాట.

రీబోరు కూడా అంతే. మిగిలిన జాగా 60 సీసీ అలాగే ఉంచి నలభై థౌ బోరు చేయిస్తే, సిలిండర్ 372 నుంచి 383 సీసీ అవుతుంది, కంప్రెషన్ 7.2 నుంచి దాదాపు 7.4కి చేరుతుంది. మన ఊళ్ళో తిరిగే పాత బళ్ళలో చాలావాటికి ఇదివరకే ఒకటి రెండు బోర్లు అయ్యాయి, హెడ్ ఎన్నిసార్లు ఫేసింగు చేశారో ఎవరికీ గుర్తులేదు. అలాంటి బండికి పుస్తకంలో రాసిన 7.2ని పట్టుకుని లెక్క మొదలుపెడితే మొదటి అడుగే తప్పు. కొలవాలి. ఎలాగో చివర్లో చేసి చూపిస్తాను.

కంప్రెషన్ పెంచితే ఏం వస్తుంది? పెట్రోలు ఇంజన్లకి వాడే ఒట్టో సైకిల్ ఆదర్శ లెక్క ప్రకారం 7.2 నుంచి 8.3కి వెళితే సామర్థ్యం నాలుగున్నర శాతం పెరుగుతుంది. అక్కడి నుంచి మళ్ళీ అంతే పెంచి 9.4కి తీసుకెళ్తే నాలుగు శాతం కూడా రాదు. ఎక్కేకొద్దీ లాభం తగ్గుతుంది, నాకింగు భయం మాత్రం పెరుగుతుంది. బ్రిటిష్ ఇంజనీరు హ్యారీ రికార్డో కంప్రెషన్ మార్చగలిగే పరీక్ష ఇంజన్ కట్టి, ఏ పెట్రోలు ఎంత కంప్రెషన్ దాకా తట్టుకుంటుందో కొలిచి చూపించి నూరేళ్ళు దాటింది. పెట్రోలుకి ఒక హద్దుంది. ఆ హద్దు దాటితే మంట వరసగా పాకకముందే మూలన మిగిలిన పెట్రోలు, గాలి మిశ్రమం తనంతట తానే పేలుతుంది. నాకింగు అంటే అదే. పిస్టన్ రింగుల మధ్య గట్టు విరగడం, హెడ్ గ్యాస్కెట్ కాలిపోవడం అక్కడి నుంచే.

ఇక క్యామ్‌షాఫ్ట్. అసలు విషయం ఇక్కడుంది కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను.

పిస్టన్ కిందికి వెళుతూ మిశ్రమాన్ని లాక్కుంటుంది. అడుగుకి చేరి తిరిగి పైకి బయలుదేరాక కూడా ఇన్‌లెట్ వాల్వు వెంటనే మూసుకోదు. ఎంజీఏ క్యామ్‌లో పిస్టన్ అడుగు దాటాక, పిస్టన్లు తిప్పే క్రాంకు ఇంకా 56 డిగ్రీలు తిరిగాకే మూసుకుంటుంది. ఎందుకంటే వేగం మీద లోపలికి వస్తున్న గాలికి ఒక ఊపు ఉంటుంది. పిస్టన్ పైకి కదిలినా ఆ ఊపుతో ఇంకొంత గాలి లోపలికి దూరుతుంది. అదే ఇంజన్ మెల్లగా తిరుగుతున్నప్పుడు ఆ ఊపు ఉండదు. అప్పుడు పిస్టన్ లాక్కున్న మిశ్రమంలో కొంత వెనక్కి ఇన్‌లెట్ పైపులోకే తోస్తుంది. సైకిల్ పంపు రంధ్రం వేలితో మూయడం ఆలస్యమైతే గాలి ఒత్తిడి కట్టదు చూడండి, అలాగ. ఇన్‌లెట్ వాల్వు మూసుకున్నాకే అసలు కంప్రెషన్ మొదలవుతుంది.

దీన్ని అంకెల్లో చెబుతాను. బీ సిరీస్ కనెక్టింగ్ రాడ్ ఆరున్నర అంగుళాలు, అంటే 165 మిల్లీమీటర్లు. వాల్వు 45 డిగ్రీలకు మూసుకుంటే పిస్టన్‌కి ఇంకా 79 మిల్లీమీటర్ల ప్రయాణం మిగిలి ఉంటుంది. 56 డిగ్రీలకైతే 73.5. రేసింగు వైపు మొగ్గిన క్యామ్ వేసి 70 డిగ్రీలకు మూస్తే 65. స్ట్రోకు 88.9 అని పుస్తకంలో ఉన్నా, నొక్కే పని జరిగేది ఈ మిగిలిన దూరంలోనే.

ఇప్పుడు పుస్తకం కంప్రెషన్ పక్కన పెట్టి, నిజంగా నొక్కే కంప్రెషన్ చూడండి. 7.2 ఇంజన్‌కి 45 డిగ్రీల క్యామ్ ఉంటే అది 6.5. అదే 7.2 ఇంజన్‌లో 70 డిగ్రీల క్యామ్ పెడితే 5.5కి పడిపోతుంది. ఇది దారుణమైన పతనం. కొత్త క్యామ్ వేశాక స్టార్టింగు కష్టమై, ఐడిలింగులో ఊగుతూ, మూడో గేరులో గతుక్కుమనే బళ్ళన్నిటి జబ్బూ ఇదే. వాటికి కంప్రెషన్ గేజీ పెడితే రీడింగు తక్కువ చూపిస్తుంది. రింగులు పోయాయనుకుని మళ్ళీ ఇంజన్ విప్పుతారు. రింగులు బాగానే ఉంటాయి. వాల్వు ఆలస్యంగా మూసుకోవడం వల్ల గేజీకి ఒత్తిడి అందలేదు, అంతే. కాబట్టి క్యామ్ మార్చిన బండికి పాత రీడింగుతో పోలిక పెట్టకండి.

అటువైపు చూద్దాం. 8.3 కంప్రెషన్‌కి 56 డిగ్రీల క్యామ్ జత చేస్తే నిజంగా నొక్కేది 7.0. కంప్రెషన్ 9కి పెంచి 70 డిగ్రీల క్యామ్ వేసినా 6.9 దగ్గరే వస్తుంది. అంటే ఎంజీఏ వాళ్ళు 8.3నీ, 56 డిగ్రీలనీ రెండు వేర్వేరు నిర్ణయాలుగా తీసుకోలేదు. ఒకదానికి ఒకటి సరిపడేలా కట్టారు. క్యామ్ ఒక్కటీ తెచ్చి పెట్టినవాడికి ఆ 70 హార్స్‌పవర్ ఎందుకు రాదో ఈ లెక్కే చెబుతుంది. కంప్రెషన్ ఒక్కటీ పెంచి పాత క్యామ్ ఉంచినవాడికి నాకింగు ఎందుకొస్తుందో కూడా ఇదే చెబుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఇనుప హెడ్, మామూలు బంకు పెట్రోలు, విశాఖ వేడి, ఇవన్నీ లెక్కలోకి తీసుకుంటే నిజమైన కంప్రెషన్ 7 దగ్గర ఉంచండి. అంటే పుస్తకం లెక్కలో 8 నుంచి 8.3, వాల్వు మూసుకునేది 50 నుంచి 56 డిగ్రీల మధ్య. దీనికి మించి వెళ్ళాలనుకునేవాళ్ళు ఏ రోడ్డు మీద, ఎంత ఆర్‌పీఎంలో నడుపుతారో ముందు తమను తాము అడగాలి.

రోడ్డంటే మనకు బీచ్ రోడ్డు గుర్తొస్తుంది. ఇంజన్‌ని బీచ్ రోడ్డుకి ఎంచుకోకండి, అక్కడ ఏ ఇంజనైనా నడుస్తుంది. అరకు వెళ్ళేటప్పుడు శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కుతారు కదా, ఆ మలుపులకి ఎంచుకోండి. నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, రెండో గేరు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంటుంది, ఇంజన్ మాత్రం రెండువేల ఆర్‌పీఎం దగ్గర ఈడుస్తూ ఉంటుంది. నాకింగుకి ఇంతకంటే అనువైన పరిస్థితి లేదు. సిలిండర్ నిండా మిశ్రమం, మెల్లగా తిరిగే ఇంజన్, కాబట్టి మూలన ఉన్న మిశ్రమానికి పేలడానికి కావలసినంత సమయం. రేసింగు క్యామ్ బలమంతా నాలుగువేలు దాటాక వస్తుంది, ఘాట్ మీద మనకి కావలసింది రెండువేల దగ్గర టార్కు, అంటే లాగే బలం. అరకు దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తు. పైకి వెళ్ళేకొద్దీ గాలి పల్చబడి నాకింగు కాస్త తగ్గుతుంది, దానితోపాటు పవరు కూడా పదో వంతు తగ్గుతుంది. కాబట్టి ఘాట్ మొదట్లో, కింద, ఎండలో ఏం జరుగుతుందో దాన్నే ప్రమాణంగా పెట్టుకోండి.

అసలు ఈ అంబాసిడర్ ఇంజన్‌కి ఎక్కువ డ్యూరేషన్ క్యామ్, అంటే వాల్వులని ఎక్కువసేపు తెరిచి ఉంచేది, పడకపోవడానికి ఇంకో కారణం దాని హెడ్‌లోనే ఉంది. బీ సిరీస్ హెడ్‌కి ఐదే పోర్టులు. ఒకటి, రెండు సిలిండర్లు ఒకే ఇన్‌లెట్ పోర్టుని పంచుకుంటాయి, మూడు, నాలుగు ఇంకోదాన్ని. ఫైరింగ్ ఆర్డరు 1, 3, 4, 2. అంటే పోర్టు పంచుకునే రెండు సిలిండర్లూ వెంటవెంటనే పీల్చుకుంటాయి. వాల్వులు ఎక్కువసేపు తెరిచి ఉంచేకొద్దీ ఒకటి ఇంకా మూసుకోకముందే రెండోది లాగడం మొదలెడుతుంది, ఒకదాని వాటా ఇంకోదానికి పోతుంది. ఒక్కో సిలిండర్‌కి విడిగా ఇన్‌లెట్ పోర్టున్న ఇంజన్ల మీద రాసిన సలహాలు తెచ్చి దీనికి పెట్టకూడదనేది అందుకే. దానికి తోడు ఈ క్రాంకుకి మూడే మెయిన్ బేరింగులు, పొడవాటి స్ట్రోకు. 5500 ఆర్‌పీఎంకి పిస్టన్ సగటు వేగం సెకనుకు 16 మీటర్లు దాటుతుంది. పాత క్రాంకుని అక్కడ రోజూ తిప్పడం నాకు ఇష్టం లేదు.

పద్మిని సంగతి వేరు. 1089 సీసీ, 68 బోరు, 75 స్ట్రోకు, అల్యూమినియం హెడ్. అల్యూమినియం వేడిని త్వరగా లాగేస్తుంది కాబట్టి కాస్త ఎక్కువ కంప్రెషన్ ఓర్చుకుంటుంది, పొట్టి స్ట్రోకు కాబట్టి తిరగడానికి ఇష్టపడుతుంది. అయితే ఆ హెడ్ వేడెక్కితే వంగుతుంది, వంగిన ప్రతిసారీ ఫేసింగు చేస్తారు, కంప్రెషన్ తెలియకుండా పెరుగుతూ పోతుంది. పద్మినీవాళ్ళు పెంచడం గురించి ఆలోచించే ముందు ఇప్పటికే ఎంత పెరిగి ఉందో చూసుకోండి.

పెట్రోలు గురించి మన ఊళ్ళో మాట్లాడకపోతే ఎలాగ? మల్కాపురంలో రిఫైనరీని కాల్టెక్స్ 1957లో మొదలుపెట్టింది, ఇప్పుడది హెచ్‌పీసీఎల్‌ది. ఆ రోజుల పెట్రోలు కంటే ఇప్పటిది నాకింగుని బాగా తట్టుకుంటుంది, దాని ఆక్టేన్ 91కి తగ్గదు. అందుకే 7.2 దగ్గర ఆగిపోవలసిన అవసరం లేదని ధైర్యంగా చెప్పగలుగుతున్నాను. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. సీసం పూత లేకపోతే ఇనుప హెడ్‌లో ఎగ్జాస్టు వాల్వు కూర్చునే సీట్లు అరిగి లోపలికి దిగిపోతాయి, వాల్వు పూర్తిగా మూసుకోవడానికి వదిలే ట్యాపెట్ గ్యాపు మూసుకుపోతుంది. హెడ్ ఎలాగూ లేత్ మీదకి వెళుతోంది కాబట్టి గట్టి సీటు రింగులు వేయించేయండి, ఇందులో బేరం వద్దు.

ఇప్పుడు ఇరవై శాతం ఎథనాల్ కలుస్తోంది. ఎథనాల్ ఆక్టేన్ ఎక్కువే, ఆవిరైనప్పుడు మిశ్రమాన్ని చల్లబరుస్తుంది కూడా. కంప్రెషన్ వైపు నుంచి చూస్తే అది మేలే. కార్బురేటర్ వైపు నుంచి చూస్తే పాత జెట్టుతో, అంటే పెట్రోలు వచ్చే సన్నని రంధ్రంతో, మిశ్రమం పల్చనవుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. జెట్టు ఒక మెట్టు పెద్దది వేసి, ప్లగ్గుల రంగు చూసి సర్దుకోవాలి. పెట్రోలు పంపు డయాఫ్రం, హోసులు ఎథనాల్‌కి తట్టుకునేవి మార్చాలి. మన సముద్రపు గాలిలో ఇంకో చిక్కుంది. ఎథనాల్ తేమని పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నీరు ఓ స్థాయి దాటితే నీళ్ళూ ఎథనాలూ కలిసి అడుగున వేరుపడతాయి. పైన మిగిలిన పెట్రోలుకి ఆక్టేన్ తగ్గిపోతుంది. సంక్రాంతికి ఒకసారి, దసరాకి ఒకసారి బయటికి తీసే బండికి కంప్రెషన్ హద్దు దాకా పెంచొద్దని చెప్పేది ఇందుకే.

వేడి గురించి ఒక్కమాట. పాత బ్లాకుల నీటి దారుల్లో, ముఖ్యంగా వెనక నాలుగో సిలిండర్ చుట్టూ, తుప్పూ మట్టీ గడ్డకట్టి ఉంటాయి. కోర్ ప్లగ్గులు తీయించి, పొడిచి కడిగించకుండా కంప్రెషన్ లెక్కలు వేయడం వృథా. ఒక్క సిలిండర్ వేడెక్కితే నాకింగు హద్దుని ఆ ఒక్కటే నిర్ణయిస్తుంది.

ఇక పెంచడం ఎలా? హెడ్ కొట్టించి, అంటే దాని అడుగు చెక్కించి, అంటారు మనవాళ్ళు. లెక్క చూడండి. హెడ్‌లో గది అడుగు వైశాల్యం 30 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే మిల్లీమీటరు కొట్టిస్తే తగ్గేది 3 సీసీ. మనకి కావలసింది 9. మూడు మిల్లీమీటర్లు ఆ హెడ్ ఇవ్వలేదు, పుష్‌రాడ్లు, రాకర్ల కోణం అంతా చెడుతుంది. కాబట్టి బోరు చేయించేటప్పుడే తల చదునుగా ఉన్న పిస్టన్లు ఎంచుకోండి. కంప్రెషన్ అక్కడి నుంచి రావాలి. హెడ్‌ని వంపు పోయేంత మాత్రమే ముట్టుకోండి. నలభై థౌ బోరు మీద 8 కంప్రెషన్‌కి మొత్తం జాగా 55 సీసీ దగ్గర మిగలాలి, ఈ అంకె లేత్ షాపువాళ్ళకి రాసివ్వండి.

క్యామ్ రీగ్రైండు చేయిస్తే టైమింగ్ అంకెలు కాగితం మీద అడిగి తీసుకోండి. అంకెలు ఇవ్వలేనివాళ్ళకి క్యామ్ ఇవ్వకండి. బిగించేటప్పుడు గేరు మీద గుర్తులు కలిశాయని ఊరుకోకుండా, క్రాంకుకి డిగ్రీల చక్రం కట్టి ఇన్‌లెట్ ఎప్పుడు మూసుకుంటోందో చూడండి. సాగిన టైమింగ్ చైన్ క్యామ్‌ని వెనక్కి లాగుతుంది, వాల్వు ఇంకా ఆలస్యంగా మూసుకుంటుంది, మీరు వేసిన లెక్కంతా మారిపోతుంది. కొత్త చైన్ వేయండి. పిస్టన్ తల మీద పిల్లలు ఆడుకునే మట్టి ముద్ద పెట్టి, హెడ్ బిగించి, చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పితే వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఎంత ఉందో దాని మందమే చెబుతుంది.

రీగ్రైండు క్యామ్‌కి దాని మీద ఆనుకుని కదిలే పాత ట్యాపెట్లు ఎప్పుడూ వేయొద్దు. మొదటిసారి స్టార్టు చేశాక ఐడిలింగులో ఉంచకండి, ఇరవై నిమిషాలు రెండువేల ఆర్‌పీఎం దగ్గర తిప్పండి. ఈ రకం ట్యాపెట్లకి ఆయిలు చిమ్ముళ్ళతోనే అందుతుంది, మెల్లగా తిరిగితే అందదు. జింకు, ఫాస్ఫరస్ ఉన్న పాత తరహా ఆయిలే వాడండి. డిస్ట్రిబ్యూటర్ అడ్వాన్సు, అంటే స్పార్కు ఎంత ముందుగా పడుతుందో అది, కూడా మారాలి. కంప్రెషన్ పెరిగితే మంట త్వరగా పాకుతుంది కాబట్టి మొత్తం అడ్వాన్సు కాస్త తగ్గించి మొదలుపెట్టండి, ఘాట్ మీద విని సర్దుకోండి.

యాభై ఏళ్ళు దాటిన బండిని 2021 నిబంధనల కింద వింటేజ్‌గా రిజిస్టర్ చేయించాలనుకునేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి. అది బండి అసలు రూపం అడుగుతుంది, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఒప్పుకోదు. ఆ దారిలో ఉన్నవాళ్ళు అసలు క్యామ్‌నే కొత్తగా చేయించి, అసలు కంప్రెషన్‌నే ఉంచండి. అందులో ఏ లోటూ లేదు.

ఈ బల్ల మీద తలకిందులుగా పెట్టింది అంబాసిడర్ హెడ్. వాల్వులు, ప్లగ్గులు బిగించే ఉన్నాయి. గది అంచు చుట్టూ గ్రీజు రాసి, ఈ చిల్లు పెట్టిన పారదర్శకపు పలక అతికించి, బ్యూరెట్‌తో కిరోసిన్ వదులుదాం. నాలుగు గదుల మధ్య అర సీసీకి మించి తేడా వస్తే ఎక్కడ రుద్దాలో చూపిస్తాను. ముందు వరసలోవాళ్ళు దగ్గరికి రండి, ఎవరో ఒకరు బోర్డు మీద అంకెలు రాయండి. నాలుగో గదితో మొదలుపెడదాం.